పట్టడం నుంచి పెంచడం దాకా: ‘తొలి పెంపుడు పాము’ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పామును పట్టడం, ఆడించడం అనేక సమాజాలకు ప్రాచీన కాలం నుంచి తెలిసిన విద్యలు. పామును దాని జీవలక్షణాలకు అనుగుణంగా పెంచడం మాత్రం గత రెండు శతాబ్దాలలో రూపుదిద్దుకొన్న విద్య. కొత్తగా సర్పపోషణ మొదలుపెట్టేవారికి నేడు సూచించే కార్న్ స్నేక్, బాల్ పైథాన్ వంటి జాతులు కేవలం స్వభావం చేత ‘తొలి పాములు’ కాలేదు. వేడిమి, ఆహారం, సంతానోత్పత్తి గురించి కూడిన జ్ఞానం, వాణిజ్యం, చట్టం కలిసి వాటిని ఆ స్థానంలో నిలిపాయి. ఈ క్రమాన్ని పరిశీలించి, పామును ఎంచుకొనేటప్పుడు జాతి కంటే ముందు అడగవలసింది దాని పుట్టుక గురించేనని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సర్పపోషణ, పాట్రిక్ రస్సెల్, కార్న్ స్నేక్, బాల్ పైథాన్, ఉష్ణోగ్రతా నియంత్రణ, వన్యప్రాణి సంరక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం

పాముతో మనిషికి గల సంబంధాన్ని తెలిపే మాటలు తెలుగులో కొల్లలు. పాములవాడు, పాములాట, పాముమంత్రం, పుట్ట, పడగ, కుబుసం వంటివి నిత్యవ్యవహారంలోనివే. అమరకోశంలోని పాతాళభోగివర్గం వ్యాళగ్రాహి, అహితుండికుడు అనే పదాలను పేర్కొంటుంది. వ్యాళగ్రాహి అంటే పామును పట్టేవాడు. అహితుండికుడు అంటే పాము మూతితో ఆడేవాడు. ఈ పదాలన్నిటిలోనూ పట్టడం, ఆడించడం, విషం దించడం అనే క్రియలే ప్రధానం. పెంచడం అనే క్రియ వాటిలో లేదు.

పెంపకం ప్రస్తావన ఉన్నది ఒక సామెతలో. ‘పాముకు పాలు పోసి పెంచినట్లు’ అనే ఆ సామెత కృతఘ్నుణ్ణి ఉద్దేశించి పుట్టింది. దానిని సర్పపోషణ దృష్టితో చదివితే మరొక విషయం బోధపడుతుంది. పాము పూర్తి మాంసాహారి. పాలు దాని ఆహారం కాదు, వాటిని జీర్ణం చేసుకొనే శక్తి దానికి లేదు. దప్పికతో మాడ్చిన పాము ఏ ద్రవాన్ని ఉంచినా తాగుతుంది. నాగపంచమికి ముందు కొందరు పాములాడించేవారు పాములను నీళ్లు లేకుండా మాడ్చి ఉంచేది ఇందుకే. పెంచేవాడు పెట్టిన ఆహారమే తప్పయినప్పుడు పెరిగిన పాము చేసిన ద్రోహం గురించి మాట్లాడటం అర్థరహితం.

కాబట్టి పామును పెంచడానికి ఏమి తెలియాలి, ఆ తెలివిడి ఎప్పుడు, ఎక్కడ, ఎంత మూల్యానికి లభించింది అనేది చారిత్రక ప్రశ్న. ఈ చరిత్ర ప్రధానంగా ఐరోపా, అమెరికాలకు చెందినది. అయితే దాని తొలి అధ్యాయాలలో ఒకటి తెలుగు తీరంలో రచించబడింది.

2. పేరు తెలిసిన పాము: విశాఖపట్నంలో రస్సెల్

స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ (1727–1805) సిరియాలోని అలెప్పోలో పనిచేసిన తరువాత భారతదేశానికి వచ్చి విశాఖపట్నంలో నివసించాడు. ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా నియమితుడై, కోరమాండల్ తీరపు పాములను సేకరించి వర్ణించాడు. ఆయన గ్రంథం తొలి సంపుటం 1796లో లండన్‌లో వెలువడింది. పాముకాటు మరణాలను తగ్గించాలంటే ముందుగా విషసర్పాన్ని విషం లేని పాము నుంచి వేరుచేసి గుర్తించగలగాలన్నది ఆయన ఆలోచన. కుక్కలు, కోళ్ల మీద కాటు ప్రభావాన్ని పరీక్షించి, నాటి విరుగుడు మందుల శక్తినీ పరిశీలించాడు.

తెలుగు పరిశోధకులకు ఈ గ్రంథం మరో కారణంగా విలువైనది. రస్సెల్ పాములకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను రోమన్ లిపిలో నమోదు చేశాడు. కాటుకరేకుల పొడ, జెర్రిపోతు, బంగారు పాము వంటి పేర్లు ఆ పుటలలో కనిపిస్తాయి. కాటుకరేకుల పొడ ఆ తరువాత శాస్త్రలోకంలో రస్సెల్ పేరుతోనే ప్రసిద్ధమైంది. ‘బంగారు పాము’ అనే మాట ఆధారంగా ఫ్రెంచి ప్రాణిశాస్త్రవేత్త డాడిన్ 1803లో కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అని పేరు పెట్టాడు. ప్రపంచమంతటా కట్లపాము శాస్త్రీయ నామంలో నేటికీ తెలుగు మాట నిలిచి ఉండటానికి ఇదే మూలం.

ఈ జ్ఞానానికి ఉన్న పరిమితిని కూడా గుర్తించాలి. రస్సెల్ శ్రద్ధ పాము రూపం, పొలుసుల లెక్క, విషప్రభావాల మీద నిలిచింది. పాము ఎలా బతుకుతుంది, బంధంలో దానికి ఏమి కావాలి అన్నవి ఆ అన్వేషణకు వెలుపలి ప్రశ్నలు. వర్గీకరణ శాస్త్రానికి సీసాలోని నమూనా చాలు. పోషణకు బతికి ఉన్న పాము కావాలి.

3. గాజు వెనుక పాము: పందొమ్మిదో శతాబ్దం

బతికి ఉన్న పామును దీర్ఘకాలం కాపాడవలసిన అవసరం జంతుప్రదర్శనశాలలతో వచ్చింది. లండన్ జంతుప్రదర్శనశాలలో 1849లో సరీసృపాల కోసం ప్రత్యేక భవనం ప్రారంభమైంది. ప్రపంచంలో ఈ రకమైన భవనాలలో ఇదే మొదటిదిగా చెబుతారు. మూడేళ్లకే, 1852లో, అక్కడి సంరక్షకుడొకడు నాగుపాము కాటుకు మరణించాడు. మద్యం మత్తులో పామును చేత పట్టుకోవడమే దానికి కారణమని నాటి విచారణ తేల్చింది. సంరక్షణ వృత్తిగా మొదలైనా సంరక్షణకు కావలసిన నియమాలు అప్పటికింకా స్థిరపడలేదని ఈ ఘటన తెలుపుతుంది.

ఇదే కాలంలో పారిస్‌లో మరొక ముఖ్యమైన పరిశీలన జరిగింది. ఆడ కొండచిలువ గుడ్లను చుట్టుకొని వాటికి వేడిమినిస్తుందని లామార్-పికో అనే ఫ్రెంచి యాత్రికుడు చెప్పినప్పుడు అక్కడి పండితులు విశ్వసించలేదు. శీతలరక్త జీవి వేడినెలా ఇవ్వగలదన్నది వారి సందేహం. 1841లో పారిస్ జంతుశాలలోని కొండచిలువను వాలెన్సియెన్ ఉష్ణమాపకంతో పరిశీలించి, గుడ్లు పొదిగే కాలంలో దాని శరీరం పరిసరాలకంటే వెచ్చగా ఉంటున్నదని నిర్ధారించాడు. సర్పజీవనంలో వేడిమి కీలకమన్న సత్యానికి ఇది తొలి ప్రయోగాత్మక సూచన.

శతాబ్దం చివరికి ఈ ఆసక్తి ఇళ్లలోకి ప్రవేశించింది. ఇంగ్లండులో గ్రెగరీ బేట్‌మన్ 1897లో ‘ద వైవేరియం’ అనే గ్రంథంలో సరీసృపాలకు గాజుపెట్టెలు నిర్మించే విధానాన్ని, వాటి పోషణను గృహస్థులకు వివరించాడు. అమెరికాలో రేమండ్ డిట్మార్స్ బాల్యం నుంచి ఇంట్లోనే పాములను పెంచి, 1899లో ప్రారంభమైన న్యూయార్క్ బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో సరీసృప విభాగానికి బాధ్యుడయ్యాడు. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కుమార్తె ఆలిస్ శ్వేతసౌధంలో ఒక గార్టర్ పామును పెంచింది. సన్నని పిన్తల్లి పేరునూ పచ్చని పాలకూర పేరునూ కలిపి దానికి ‘ఎమిలీ స్పినచ్’ అని పేరు పెట్టింది. పాముకు పేరు పెట్టి పిలవడం చరిత్రలో చిన్న విషయంగా కనిపించినా, భయపడవలసిన జాతి నుంచి ఒక పాము వ్యక్తిగా వేరుపడిన సందర్భం అది.

అయితే ఈ కాలపు పెంపుడు పాములన్నీ దాదాపుగా అడవి నుంచో పొలం నుంచో పట్టి తెచ్చినవే. చనిపోయిన పాము స్థానంలో మరొకదాన్ని తెచ్చుకోవచ్చునన్న భావన బలంగా ఉన్నంతకాలం పాము ఎందుకు చనిపోయిందన్న ప్రశ్నకు తావు తక్కువ.

4. వేడిమి రహస్యం

సర్పపోషణ శాస్త్రంగా మారడంలో ఉష్ణోగ్రత గురించిన అవగాహనే ప్రధాన మలుపు. ఈ దిశలో లండన్‌కు చెందిన జోన్ ప్రాక్టర్ (1897–1931) కృషి గణనీయమైనది. చిన్ననాటి నుంచే సరీసృపాలను పెంచిన ఆమె, 1923లో లండన్ జంతుప్రదర్శనశాల సరీసృప విభాగానికి క్యూరేటర్ అయింది. ఆమె రూపకల్పన చేసిన కొత్త సరీసృప భవనం 1927లో ప్రారంభమైంది. భవనం మొత్తాన్ని ఒకే విధంగా వేడి చేయడానికి బదులు ఒక్కొక్క గదికి తగిన వేడిమిని వేరుగా అందించే ఏర్పాటు అందులో ఉంది. అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేసే ప్రత్యేకమైన గాజును కూడా వాడారు. జీవి ప్రాంతాన్ని బట్టి దాని గది ఉండాలన్న సూత్రం ఇక్కడ భవనరూపం దాల్చింది.

ఈ ఆచరణకు సిద్ధాంత బలం 1944లో చేకూరింది. రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఎడారి సరీసృపాల ఉష్ణావసరాలపై ప్రచురించిన అధ్యయనం, ఈ జీవులు పరిసరాల ఉష్ణోగ్రతకు కేవలం లోబడి ఉండవని చూపింది. అవి ఎండలోకీ నీడలోకీ కదులుతూ తమ శరీర ఉష్ణోగ్రతను తామే క్రమబద్ధం చేసుకొంటాయి. శీతలరక్త జీవి అన్న మాట ఎంత తప్పుదారి పట్టిస్తుందో దీనితో స్పష్టమైంది. 1966లో హచిసన్, డౌలింగ్, వినెగర్ బ్రాంక్స్ జంతుశాలలోని కొండచిలువను పరిశీలించి, పొదిగే తల్లి కండరాలను పదేపదే సంకోచింపజేసి వేడిమిని పుట్టిస్తుందని వెల్లడించారు. 1841 నాటి పరిశీలనకు కారణం 125 ఏళ్ల తరువాత తెలిసింది.

పెంపుడు పాము విషయంలో ఈ పరిశోధనల ఫలితం సూటిగా ఉంటుంది. పెట్టె అంతా ఒకే వేడిమితో ఉంటే పాముకు ఎంచుకొనే అవకాశం లేదు. ఒక కొస వెచ్చగా, రెండవ కొస చల్లగా ఉండాలి. తిన్న ఎలుక జీర్ణం కావడానికి వేడిమి తప్పనిసరి. చలిలో ఉన్న పాము కడుపులోని ఆహారం జీర్ణం కాక కుళ్లిపోవచ్చు, లేదా పాము దానిని కక్కివేస్తుంది. ఆహారం దొరికినా పోషణ జరగకపోవడం ఇలాంటిదే. వెనుకటి తరాల పెంపకందారులకు ‘కారణం తెలియని మరణాలు’గా తోచిన వాటిలో కొన్నింటి కారణాన్ని ఇక్కడ ఊహించవచ్చు.

5. ‘తొలి పాము’ అవతరణ: కార్న్ స్నేక్

కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పాము. విషం లేనిది. పెద్దదైనా సాధారణంగా నాలుగైదు అడుగులకు మించదు. పొలాలలో, ధాన్యపు కొట్టాలలో ఎలుకలను పట్టి తింటుంది. ఆహారం, ఆవాసం రీత్యా తెలుగు రైతుకు తెలిసిన జెర్రిపోతుతో దీనిని పోల్చవచ్చు. అయితే జెర్రిపోతు అంత పెద్దదీ, చురుకైనదీ, త్వరగా బెదిరేదీ కాదు.

న్యూయార్క్ స్టేటన్ ఐలండ్ జంతుశాలకు చెందిన కార్ల్ కాఫెల్డ్ 1957లో పాములవేట గురించి రచించిన గ్రంథం వల్ల దక్షిణ కెరొలైనాలోని ఒకీటీ ప్రాంతపు ఎర్రని కార్న్ స్నేక్‌లకు ఎనలేని కీర్తి వచ్చింది. చదివిన ఔత్సాహికులు అక్కడికి పాముల కోసం వెళ్లసాగారు. 1969లో ఆయనే వెలువరించిన మరో గ్రంథం శీర్షికలో పోషకుడు, పోషితం అనే రెండు పక్షాలూ కలిసి కనిపిస్తాయి. వేట గ్రంథం తరువాత పోషణ గ్రంథం రావడం ఒక్క రచయిత ప్రయాణమే అయినా, ఆ కాలంలో వస్తున్న మార్పు దిశను అది చక్కగా సూచిస్తుంది.

ఈ మార్పును వేగవంతం చేసింది జన్యుశాస్త్రం. ఉత్తర కెరొలైనాలో 1953లో నల్లని వర్ణకం లేని ఒక కార్న్ స్నేక్ దొరికింది. జార్జియాకు చెందిన చర్మవైద్యుడు బెర్నార్డ్ బెక్టెల్ ఆ వంశంలో పెంపకం సాగించి, ఆ లక్షణం తరువాతి తరాలకు ఎలా సంక్రమిస్తుందో 1960ల ఆరంభంలో నిరూపించాడు. అప్పటి నుంచి రంగుల కోసం పాములను ఇంట్లోనే పుట్టించడం లాభసాటి విద్య అయింది. అడవికి వెళ్లి వెతకవలసిన అవసరం తగ్గింది. గుడ్డు నుంచి వెలువడిన నాటినుంచీ మనిషి చేతిలో పెరిగిన పాము, చచ్చిన చిట్టెలుకను తినడానికి అలవాటుపడిన పాము, పరాన్నజీవుల బెడద తక్కువగా ఉన్న పాము మొదటిసారిగా సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. ‘తొలి పెంపుడు పాము’ అనే భావన నిజమైన అర్థంలో పుట్టింది ఇక్కడే.

6. చుట్టుకొన్న కొండచిలువ: వాణిజ్యం చూపిన రెండవ మార్గం

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ. బెదిరినప్పుడు కరవడానికి బదులు తలను మధ్యలో దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది. ఈ లక్షణమే దానికి పేరునూ గిరాకీనీ తెచ్చింది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి పెద్దసంఖ్యలో ఇవి ఎగుమతి అయ్యాయి. అడవిలో గర్భంతో ఉన్న ఆడపాములనూ గుడ్లనూ సేకరించి, పిల్లలు వెలువడ్డాక ఎగుమతి చేసే పద్ధతి అక్కడ స్థిరపడింది. ఈ జాతి అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉంది.

అడవిలో పట్టిన బాల్ పైథాన్‌లు చాలాకాలం పెంపకందారులకు సమస్యగా నిలిచాయి. కొత్త చోట నెలల తరబడి ఆహారం ముట్టకపోవడం, లోపలా వెలుపలా పరాన్నజీవులతో క్షీణించడం వాటి విషయంలో సామాన్యం. అమెరికాలో బాబ్ క్లార్క్ 1992లో తెల్లని బాల్ పైథాన్‌లను పెంపకంలో పుట్టించిన తరువాత రంగుల గిరాకీ వల్ల ఈ జాతిలోనూ గృహసంతానం విస్తరించింది. కానీ రంగు కోసం సాగిన ఎంపికకు మరో పార్శ్వం ఉంది. ‘స్పైడర్’ అనే వర్ణరకానికి చెందిన పాములలో తల వణుకు, సమతుల్యం తప్పడం వంటి నాడీలోపం ఆ రంగుతోపాటే సంక్రమిస్తుంది. పాము అందం కొన్నవాడి కంటికి, దాని బాధ పాము ఒంటికి. పెంపకంలో పుట్టడం ఒక్కటే క్షేమానికి హామీ కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

7. ఎంపిక, సంరక్షణ: చరిత్ర నేర్పిన నియమాలు

సర్పపోషణ చట్టబద్ధమైన దేశాలలో నేడు కొత్తవారికి చెప్పే ప్రతి నియమం వెనుకా పై చరిత్ర ఉంది. పాము ఎక్కడ పుట్టింది, ఏమి తింటున్నది, చివరిసారి ఎప్పుడు తిన్నది అనే మూడు ప్రశ్నలు కొనుగోలుకు ముందు అడగాలి. కళ్లు తేటగా ఉండాలి. కుబుసం విడిచే ముందు వచ్చే పాలరంగు మసక మాత్రం సహజమే. పొలుసుల మధ్య నల్లని పేలు, నోటి చుట్టూ నురగ, ఊపిరిలో గురక, తేలిపోయిన వెన్నెముక రోగలక్షణాలు. అమ్మేవాని సమక్షంలో పాము ఒకసారి ఆహారం తీసుకోవడం చూడగలిగితే అంతకంటే మంచి ప్రమాణం లేదు.

గృహనిర్మాణంలో మొదటిది మూత. పాము దొంగతనంగా పారిపోదు, సందు ఉంటే దూరుతుంది. కార్న్ స్నేక్‌కు వెచ్చని కొస సుమారు 29 డిగ్రీల సెల్సియస్, చల్లని కొస 22–24 డిగ్రీలు అనుకూలం. బాల్ పైథాన్‌కు మరికొంత వెచ్చదనం, ఎక్కువ తేమ కావాలి. వేడినిచ్చే పరికరానికి థర్మోస్టాట్ లేకపోతే కాలిన గాయాలు తప్పవు. రెండు కొసలలోనూ ఇరుకైన దాగుడు తావు ఉండాలి. లేకుంటే వేడిమి, భద్రతలలో ఒకదానిని వదులుకోక పాముకు తప్పదు. పుట్టలో ఇమిడే జీవికి విశాలమైన బయలు ఐశ్వర్యం కాదు, ఆందోళన.

ఆహారం విషయంలో ఎలుక లావు పాము నడిమి లావును మించకూడదు. కార్న్ స్నేక్ పిల్లకు వారానికొకసారి, పెద్దదానికి పది, పదిహేను రోజులకొకసారి సరిపోతుంది. గడ్డకట్టించి కరిగించిన ఎలుకను ఇవ్వడం నేటి పద్ధతి. బతికున్న ఎలుక పామును కొరికి గాయపరచగలదు. తిన్న తరువాత రెండు రోజులు పామును ముట్టకూడదు. ముట్టిన ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, సరీసృపాల వల్ల సాల్మొనెల్లా సోకవచ్చు. ఈ నియమాలలో వేటికీ అసాధారణమైన నేర్పు అక్కరలేదు. అవసరమైనది ఓపిక, తాకకుండా చూడగలగడం.

8. కాలపరీక్ష

పామును ఎంచుకోవడం ఒకనాటి పని, పోషణ దశాబ్దాల పని. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుశాలలో అరవై ఏళ్లు దాటిన ఒక బాల్ పైథాన్ గుడ్లు పెట్టి వార్తల్లోకి వచ్చింది. 1961లో ఒక ప్రైవేటు యజమాని దానిని ఆ సంస్థకు అప్పగించాడు. యజమాని ఉత్సాహం ముగిసిన తరువాత దాదాపు అరవై ఏళ్లు ఆ పాము మరొకరి శ్రద్ధ మీద బతికింది. ఇది ఆ పాము అదృష్టం.

అలాంటి ఆశ్రయం దొరకని చోట ఏమవుతుందో ఫ్లోరిడా చూపుతుంది. ఆగ్నేయాసియాకు చెందిన బర్మీస్ పైథాన్ పిల్లగా ఉన్నప్పుడు చేతిలో ఇముడుతుంది. కొన్నేళ్లలోనే మూడు, నాలుగు మీటర్లు దాటుతుంది. పెంపకం నుంచి తప్పించుకొన్నవీ విడిచిపెట్టినవీ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో సంతానాభివృద్ధి చెందాయని 2000 నాటికి గుర్తించారు. అక్కడి క్షీరదాల సంఖ్య దారుణంగా క్షీణించింది. 2012లో అమెరికా ప్రభుత్వం ఈ జాతితో సహా నాలుగు పెద్ద పాములను హానికర జాతులుగా ప్రకటించింది. తొలి పాము ఎంపికలో ‘పెరిగితే ఎంత?’ అన్న ప్రశ్న విస్మరించినందుకు చెల్లించిన మూల్యం ఇది. చెల్లించింది కొన్నవారు కాదు, ఆ నేల.

9. భారతీయ సందర్భం

భారతదేశంలో ఈ చరిత్ర వేరొక మార్గంలో నడిచింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులో ‘వేట’ అనే మాటకు చంపడమే కాక పట్టుకోవడం అనే అర్థం కూడా ఉంది. కాబట్టి రక్షిత జాబితాలలోని నాగుపామును గాని, జెర్రిపోతును గాని, కొండచిలువను గాని పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. 1970ల మధ్యలో పాముచర్మాల ఎగుమతిపై నిషేధం రావడంతో పాములను పట్టి బతికే వర్గాల జీవనం దెబ్బతిన్నది. కోరలు పీకి, నోరు కుట్టి పామును ఆడించడం పామును బతికించే విధానం కాదు. అయినా ఆ విద్యలో పామును గుర్తించే, వెదికే, చేతబట్టే అపారమైన జ్ఞానం ఉంది. విశాఖతీరపు పాముల పేర్లు రస్సెల్‌కు అందింది స్థానికుల నోటినుంచే. చట్టం పామును కాపాడింది, ఆ జ్ఞానానికి మాత్రం వెంటనే దారి చూపలేదు.

దానికి దారి చూపిన ప్రయత్నం తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళుల పాములు పట్టేవారి సహకార సంఘం. రోములస్ విటేకర్ తోడ్పాటుతో మొదలైన ఈ సంఘ సభ్యులు అటవీశాఖ అనుమతితో విషసర్పాలను పట్టి, కొన్ని వారాలు మట్టికుండలలో ఉంచి, విరుగుడు మందు తయారీకి విషం తీసి, తిరిగి అడవిలో వదిలిపెడతారు. ఇక్కడ పాము ఎవరి సొత్తూ కాదు, కొద్దికాలపు అతిథి.

విదేశీ జాతుల విషయంలో చట్టం ఇటీవలే స్పష్టమైంది. 2022 నాటి సవరణ సైట్స్ జాబితాలోని జాతులను చట్టం పరిధిలోకి తెచ్చింది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం అటువంటి జీవిని కలిగి ఉన్నవారు దానిని నమోదు చేయించాలి. దాని సంతానం, మరణం, చేతులు మారడం కూడా తెలియజేయాలి. అంటే హైదరాబాదులో ఒక బాల్ పైథాన్‌ను కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు, పత్రాల గురించి. పత్రాలు పాము పుట్టుకను చెబుతాయి. పోషణ చరిత్ర రెండు శతాబ్దాలలో చేరుకొన్న ప్రశ్ననే చట్టం నేడు తన భాషలో అడుగుతున్నది.

10. ముగింపు

పైన పరిశీలించిన చరిత్ర మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, సులభంగా పెరిగే పాము సిద్ధంగా దొరికినది కాదు; వేడిమి గురించిన పరిశోధన, పెంపకంలో సంతానోత్పత్తి దానిని సాధ్యం చేశాయి. రెండవది, అడవిలో పట్టిన పాముకూ పెంపకంలో పుట్టిన పాముకూ మధ్య భేదం కేవలం చట్టానిది కాదు, ఆ జీవి ఆరోగ్యానిది, ఆయుర్దాయానిది కూడా. మూడవది, పోషకుడి కోరిక కంటే పాము ఆయుష్షు పొడవైనది కాబట్టి ఎంపిక అనేది బాధ్యతను ముందుగా లెక్కగట్టే పని.

తెలుగునేల మీద పాము పుట్టకు చెందిన జీవి. దానిని అక్కడే ఉండనివ్వడం ఇక్కడి చట్టం, శాస్త్రం రెండూ కోరే సంరక్షణ. నాగులచవితినాడు పుట్టలో పోసే పాలు భక్తికి గుర్తు కావచ్చు, ఆహారం మాత్రం కాలేవు. పట్టేవానికీ ఆడించేవానికీ మన భాష ఏనాడో పేర్లు పెట్టింది. పెంచేవానికి ఆ పేరు దక్కాలంటే, పాముకు ఏమి ఇష్టమని తాను అనుకుంటున్నాడో దానిని పక్కన పెట్టి, పాముకు నిజంగా ఏమి కావాలో తెలుసుకోవాలి.